ఉక్కు వేళ్ళు

పాత కుట్టుమిషను ఉన్న ఇంట్లో రెండు రకాల సొత్తు ఉంటుంది. ఒకటి ఆ యంత్రం. రెండవది, దాని బల్ల సొరుగులోనో, మూత వదులైన బిస్కెట్ల డబ్బాలోనో పడి ఉండే చిన్న చిన్న లోహపు ముక్కల పోగు. ఒకటి నత్తగుల్లలా చుట్టుకొని ఉంటుంది. ఒకదానికి పంగలకర్ర వంటి చేయి ఉంటుంది. మరొకదాని మీద కొలబద్దపై ఉన్నట్లు అంకెలు చెక్కి ఉంటాయి. వీటిలో ఏది దేనికో ఆ ఇంట్లో ఒక్క పెద్దావిడకే తెలిసి ఉంటుంది. ఆమె తరువాత ఆ డబ్బా పాత ఇనుము కొనేవాని తక్కెడలోకి పోతుంది. తక్కెడలో దాని విలువ కొద్ది రూపాయలు. యంత్రం మీద అమర్చినప్పుడు దాని విలువ వేరు. చేత్తో మడిచి, గుండుసూదులు గుచ్చి, ఇస్త్రీ చేసి, ఆపైన కుట్టవలసిన పనిని అది కుట్టుతో పాటే ముగించగలదు. కుట్టుపనితో కుటుంబాన్ని పోషించుకొనే ఇల్లాలికి, సాయంత్రానికి ఒక లంగా ఎక్కువ తయారవుతుందా లేదా అన్నంత తేడా అది.

అమరకోశం కుట్టుపనివానిని తున్నవాయుడు, సౌచికుడు అని పేర్కొన్నది. సూచి అంటే సూది. దానిని పట్టినవాడు సౌచికుడు. తెలుగులో కుట్రపువాడు అనేది పాత మాట. పారశీకం నుండి వచ్చిన దర్జీ, ఆంగ్లం నుండి వచ్చిన టైలరు ఆ మాటలను వెనుకకు నెట్టాయి. యంత్రం వచ్చిన తరువాత దాని భాగాల పేర్లు కూడా ఆంగ్లంలోనే నిలిచాయి. సూది దిగే చోట గుడ్డను అదిమిపట్టే భాగం పేరు ప్రెసర్ ఫుట్. మన దర్జీలకు అది ‘ఫుట్’. దానినే పాదం అనవచ్చు. పాదానికి బదులుగా బిగించుకొనే ప్రత్యేక సాధనాలను ఉపకరణాలు అనవచ్చు. అయితే హెమ్మర్, బైండర్, రఫ్లర్, టక్కర్ అనే దుకాణపు పేర్లకు తెలుగు మాటలు కల్పించడం వలన ప్రయోజనం లేదు. పనిముట్టును ఏ పేరుతో అడిగితే అంగడివాడు తీసి ఇస్తాడో అదే దాని పేరు.

పాదం లేకుండా కుట్టుయంత్రం ఎలా ఉండేదో తెలుసుకుంటే దాని అవసరం బోధపడుతుంది. అమెరికాకు చెందిన ఇలయాస్ హోవ్ 1846లో రెండు దారాలతో ముడికుట్టు వేసే యంత్రానికి పేటెంటు పొందాడు. సూది మొనలోనే కన్ను ఉండడం, క్రింద ఒక నాడె మరొక దారాన్ని తీసుకొనిపోవడం అందులోని ముఖ్యాంశాలు. కాని ఆ యంత్రంలో గుడ్డను ఒక పలకకు ఉన్న ముళ్ళకు గుచ్చి నిలువుగా వ్రేలాడదీయవలసి వచ్చేది. పలక పొడవు అయిపోగానే పని ఆపి, గుడ్డను తీసి మళ్ళీ గుచ్చాలి. వంపు తిరిగిన కుట్టు దానితో సాధ్యం కాదు. 1851లో ఐజాక్ మెరిట్ సింగర్ పేటెంటు పొందిన యంత్రంలో గుడ్డ బల్లపరుపుగా పరచుకొన్నది. సూది నిటారుగా దిగింది. స్ప్రింగు ఒత్తిడి గల పాదం గుడ్డను పైనుండి అదిమిపట్టింది. అప్పటి నుండి కుట్టు ఎంత పొడవైనా సాగవచ్చు, ఎటైనా తిరగవచ్చు. 1854లో ఆలెన్ విల్సన్ నాలుగు కదలికల పళ్ళకు పేటెంటు పొందాడు. పైకి లేవడం, గుడ్డను వెనుకకు జరపడం, క్రిందికి దిగడం, మళ్ళీ ముందుకు రావడం అనేవి ఆ నాలుగు కదలికలు. నేటి యంత్రంలో పాదం క్రింద మెరిసే పళ్ళు చేసే పని కూడా ఇదే.

పాదానికి రెండు బాధ్యతలు ఉన్నాయి. సూది పైకి లేచేటప్పుడు గుడ్డ కూడా దానితో లేవకుండా పట్టుకోవడం మొదటిది. లేచినట్లయితే దారం వలయం సరిగా ఏర్పడక కుట్టు తప్పుతుంది. గుడ్డను పళ్ళకు ఆనించి ఉంచడం రెండవది. ఆనకపోతే పళ్ళు ఎంత కదిలినా గుడ్డ జరగదు. ఈ ఒత్తిడిని హెచ్చించడానికి, తగ్గించడానికి పాదపు కడ్డీకి పైభాగాన, యంత్రం తల మీద, ఒక మర ఉంటుంది. పలుచని పట్టుకు ఒత్తిడి తక్కువగాను, మందపు గుడ్డకు ఎక్కువగాను ఉండాలి. కుట్టు ముడుచుకొని పోతున్నదని దారం బిగువును పదే పదే మార్చేవారు చాలామంది ఈ మర జోలికే పోరు. తప్పు అనేకసార్లు అక్కడే ఉంటుంది.

ఒక పాదంతో అన్ని పనులూ చేయవచ్చు. నేర్పరి అయిన దర్జీ అలాగే చేస్తాడు. ఆ నేర్పు అలవడడానికి సంవత్సరాలు పడుతుంది. యంత్రాన్ని దర్జీకే గాక గృహిణికి కూడా అమ్మదలచిన సంస్థలు ఆ నేర్పులో కొంత భాగాన్ని లోహంలోకి మార్చి యంత్రంతో పాటు ఇచ్చాయి. ఉపకరణాలను అమర్చుకొనేందుకు మడత విప్పితే చదునుగా పరచుకొనే ఒక చెక్కపెట్టెకు 1889లో పేటెంటు లభించింది. సింగర్ యంత్రాలతో వచ్చిన ఆ పెట్టెను సేకర్తలు పజిల్ బాక్సు అంటారు. ప్రతి ముక్కకూ అందులో ఒక నిర్ణీత స్థానం ఉండేది. స్థానం ఉన్న వస్తువు పేరు మరపునకు రాదు. డబ్బాలో కలగలిసి పడిన వస్తువు పేరే మరుగునపడుతుంది.

ముక్కను గుర్తించడానికి మొదట దాని మీది అక్షరాలను చదవాలి. సిమాన్కో అనే మాట ఉంటే అది సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పేరుకు సంక్షిప్త రూపం. గ్రీస్ట్ అని ఉంటే కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నగరంలో ఉపకరణాలనే ప్రధానంగా తయారుచేసిన సంస్థది. పేరు ప్రక్కన ఉండే అంకెలను చూసి పొరపాటు పడేవారు ఉన్నారు. సింగర్ ముక్కల మీది అయిదారు అంకెల సంఖ్య ఆ భాగపు సంఖ్య మాత్రమే. తయారైన సంవత్సరంతో దానికి సంబంధం లేదు. ఉదాహరణకు 36865 అని ఉంటే అది ఎడ్జ్ స్టిచర్. 121441 అని ఉంటే కుచ్చుపాదం. పేటెంటు అనే మాట ప్రక్కన తేదీ ఉన్నా, ఆ తేదీ తరువాత ఎన్నో ఏళ్ళపాటు అదే ముక్క తయారై ఉండవచ్చు. కనుక వయస్సు నిర్ణయించడానికి అది పైపరిమితి మాత్రమే.

అక్షరాలు అరిగిపోయిన ముక్కల సంగతి ఏమిటి? వాటి విషయంలో మొదట చూడవలసింది మెడ. ముక్కను పాదపు కడ్డీకి బిగించే భాగాన్ని ఆంగ్లంలో షాంక్ అంటారు. దానిని మెడ అనడంలో తప్పు లేదు. పాదాన్ని దించి, దాని అడుగు నుండి బిగింపు మర నడిమి వరకు కొలవాలి. అర అంగుళానికి, ముప్పావు అంగుళానికి మధ్య ఉంటే అది పొట్టిమెడ. అంగుళం నుండి అంగుళంపావు వరకు ఉంటే పొడుగుమెడ. ఇళ్ళలోని పాత నల్లని యంత్రాలు చాలావరకు పొట్టిమెడవి. కార్ఖానాల యంత్రాలు పొడుగుమెడవి. మూడవ రకం వాలుమెడ. 1952లో వచ్చిన సింగర్ 301 తోను, ఆ తరువాతి కొన్ని నమూనాలతోను సూది ముందుకు వాలి ఉండేది. దానితో పాటు పాదమూ వాలింది. ఆ ముక్కలు నిటారు సూది గల యంత్రానికి పనికిరావు. సింగర్ 66 తరగతి తొలి యంత్రాలలో పాదాన్ని ప్రక్క నుండి గాక వెనుక నుండి బిగిస్తారు. మర గాడి ఎటువైపు తెరుచుకొని ఉన్నదో చూస్తే ఆ ముక్కలు వెంటనే విడిపోతాయి.

మన దేశానికి ఈ కొలతలు ఎలా వచ్చాయో ఇక్కడ చెప్పుకోవాలి. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాల నాటికే సింగర్ యంత్రాలు భారతదేశంలో అమ్ముడవుతున్నాయి. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం 1885 నుండి 1980 వరకు పనిచేసింది. మన ఇళ్ళలోని పాత సింగర్ యంత్రాలలో అనేకం అక్కడివే. 1930ల నడుమ కోల్‌కతాలో జయ్ ఇంజినీరింగ్ సంస్థ ఉషా యంత్రాల తయారీ ప్రారంభించింది. తరువాతి కాలంలో లూథియానా నగరం కుట్టుయంత్రాలకు, వాటి విడిభాగాలకు పెద్ద కేంద్రమైంది. మన దేశంలో తయారైన నల్లని నేరుకుట్టు యంత్రాలు చాలావరకు సింగర్ 15 తరగతి నిర్మాణాన్ని అనుసరించినవి. ఆ తరగతి పొట్టిమెడది. అందువలన తెలుగునాట ఏ ఊరిలోని ఉషా యంత్రానికైనా, ఎక్కడో క్లైడ్‌బ్యాంక్ యంత్రంతో వచ్చిన హెమ్మర్ సాధారణంగా సరిపోతుంది. పెట్టె ఒక యంత్రానిది, యంత్రం మరొకటి అయినంత మాత్రాన పారవేయవలసిన పని లేదు.

మెడ కుదిరిన తరువాత ముక్క పని ఏమిటో తేల్చాలి. దీనికి ఒక ఉపాయం ఉన్నది. ముక్కను చేతిలోకి తీసుకొని, ఒక సన్నని కాగితపు పట్టీని దానిలోకి ఎక్కడెక్కడ దూర్చవచ్చునో చూడాలి. కాగితం లోపలికి పోయి ఏ రూపంలో బయటకు వస్తుందో ఆ రూపమే దాని పని. మడిచి బయటకు తెస్తే హెమ్మర్. అంచును రెండు వైపులా కప్పేటట్లు తెస్తే బైండర్. రెండు కాగితాలను ఒకదాని ప్రక్కన ఒకటి నడిపిస్తే ఎడ్జ్ స్టిచర్. ఈ ముక్కలలో ప్రతిదీ కుట్టుపనిలో వేళ్ళు చేసే ఒక కదలికను లోహంలో నిలిపినది. ఏ వేలి పనిని ఇది చేస్తున్నది అని అడిగితే ముక్క తనంతట తానే జవాబు చెబుతుంది.

నత్తగుల్లవలె చుట్టిన సన్నని రేకు గల పాదం సన్నమడత హెమ్మర్. చేతిరుమాళ్ళ అంచులు, ఓణీల అంచులు కుట్టడానికి ఇది ఉద్దేశించినది. చేత్తో చేసేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు గుడ్డ అంచును ఒకసారి మడిచి, ఆ మడతను మళ్ళీ మడుస్తాయి. ఆ రెండు మడతలను ఒకే చుట్టులో చేయడమే ఈ రేకు పని. మొదట గుడ్డ మూలను కొద్దిగా ఏటవాలుగా కత్తిరించాలి. తరువాత రెండు అంగుళాల మేర అంచును అంగుళంలో ఎనిమిదవ వంతు వెడల్పున రెండుసార్లు చేత్తో మడిచి, ఆ మడతను చుట్టులోకి పంపి, మొదలులో దారపు కొసలను వెనుకకు మెల్లగా లాగుతూ కుట్టు ప్రారంభించాలి. అటుపైన కుడిచేతి వేళ్ళు గుడ్డ అంచును ఒకే ప్రమాణంలో చుట్టుకు అందిస్తూ ఉండాలి. గుడ్డ ఎక్కువగా పోతే మడత ఉబ్బి చుట్టులో ఇరుక్కుంటుంది. తక్కువగా పోతే పచ్చి అంచు బయట కనిపిస్తుంది. మొదటి రోజు ఎవరికీ కుదరదు. ఈ ముక్క పనికిరానిదని పెట్టెలో వేసి మూసినవారు తమ చేతికి మరొక గజం గుడ్డ అలవాటు ఇచ్చి ఉంటే సరిపోయేది. అడ్డంగా వచ్చే అతుకుల దగ్గర మాత్రం ఇది నిజంగానే మొండికేస్తుంది. అక్కడ అతుకు మందాన్ని ముందే కొంత కత్తిరించి పలుచన చేయాలి.

వెడల్పు మడతలకు మరొక హెమ్మర్ ఉన్నది. దాని మీద కొలతగీతలు, జరిపే ముక్క, బిగించే మర ఉంటాయి. సింగర్ నమూనాతో 3/16 అంగుళం మొదలు 15/16 అంగుళం వరకు మడతలు వేయవచ్చు. దిండుగలీబులకు, పరదాలకు ఇది అనుకూలం.

గరాటు వంటి చుట్టు, దాని ప్రక్కన వరుసగా సన్నని గాడులు ఉంటే అది బైండర్. మెడ చుట్టూ, చేతుల చివర పట్టీ వేసే పని దీనిది. ఇందులో వాడే పట్టీని గుడ్డ పోగులకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కత్తిరించాలి. దర్జీలు దీనిని క్రాసుపట్టీ అంటారు. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ సాగుతుంది కనుక వంపుల దగ్గర ముడతలు పడకుండా తిరుగుతుంది. సింగర్ వారి అనేక గాడుల బైండర్‌లో మడవని పట్టీకి 15/16 అంగుళం వెడల్పు నిర్ణయించారు. దుకాణంలో దొరికే ముందే మడిచిన పట్టీలకు 1 నుండి 5 వరకు గాడులు ఉన్నాయి. పట్టీ కొసను మొనదేలేటట్లు కత్తిరించి, గుండుసూదితో గాడిలో నుండి బయటకు లాగితే పని సులువవుతుంది. వెడల్పులో కొద్ది తేడా వచ్చినా పట్టీ ఒకవైపు జారిపోతుంది. కాబట్టి కత్తిరింపులో చూపిన శ్రద్ధ ఇక్కడ ఫలిస్తుంది.

ఎడ్జ్ స్టిచర్ చూడడానికి అతి సాధారణమైనది. చదునైన రేకులో అయిదు సన్నని గాడులు, ప్రక్కన జరిపే చిన్న చెవి. ఒక గాడిలో లేసును, మరొక గాడిలో గుడ్డను పెడితే రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి మేర ఎక్కి, కుట్టు సరిగ్గా ఆ కలయిక మీద పడుతుంది. కంటితో చూసి అంత సన్నగా నడపడం అనుభవజ్ఞులకు సైతం కష్టం. లేసు అతకడానికి, పైపింగుకు, సన్నని టక్కులకు దీనిని మించిన ముక్క పెట్టెలో లేదు. ఆర్భాటం లేనందువలన ఎక్కువగా పారవేయబడేది కూడా ఇదే.

పెట్టెలో అన్నిటికంటె పెద్దది, చూడగానే భయం కలిగించేది రఫ్లర్. దీని పంగ చేయిని సూదిని బిగించే మర మీద కూర్చోబెట్టాలి. సూది దిగి లేచే ప్రతిసారీ ఆ చేయి కదిలి, లోపల ఉన్న నీలిరంగు ఉక్కు నాలుకను ముందుకు నెడుతుంది. నాలుక గుడ్డను కొంత లోపలికి తోసి మడత చేస్తుంది. వెంటనే సూది ఆ మడత మీద కుట్టు వేస్తుంది. ముందుభాగాన ఉన్న మీట మీద 1, 6, 12 అనే అంకెలు, ఒక నక్షత్రపు గుర్తు ఉంటాయి. 1 దగ్గర పెడితే ప్రతి కుట్టుకు ఒక మడత పడి చిక్కని కుచ్చు వస్తుంది. 6 దగ్గర ఆరు కుట్లకు ఒకటి, 12 దగ్గర పన్నెండు కుట్లకు ఒకటి చొప్పున విడివిడి మడతలు వస్తాయి. నక్షత్రం దగ్గర మడత పడదు. రఫ్లర్‌ను విప్పకుండానే మామూలు కుట్టు వేసుకోవచ్చు. మడత లోతును ప్రక్కనున్న మరతో మార్చాలి. కుచ్చు కావలసిన గుడ్డను రెండు నీలి నాలుకల నడుమ పెట్టాలి. ఆ కుచ్చును ఏ గుడ్డకు అతకాలో దానిని క్రింది నాలుకకు అడుగున పెట్టాలి. అప్పుడు కుచ్చు తయారు కావడం, అతుక్కోవడం ఒకేసారి జరుగుతాయి. చిన్నపిల్లల గౌను అంచుకు కుచ్చు కుట్టవలసి వచ్చినప్పుడు, పొడవాటి కుట్టు వేసి దారం లాగి సవరించే శ్రమ అంతా తప్పుతుంది. కుచ్చుకు ఎంత గుడ్డ పడుతుందో ముందుగా తెలియదు. కనుక అదే గుడ్డ ముక్క పన్నెండు అంగుళాలు కుట్టి, అది ఎంత పొడవుకు కుదించుకున్నదో కొలిచి, ఆ నిష్పత్తి ప్రకారం గుడ్డ కత్తిరించుకోవాలి.

కుచ్చుపాదం రఫ్లర్ కంటె నిరాడంబరమైనది. కదిలే భాగాలు లేవు. అడుగు భాగం సూదికి ముందు మందంగాను, వెనుక పైకి ఎత్తుగాను ఉంటుంది. కుట్టు పొడవు పెంచితే కుచ్చు ఎక్కువ, తగ్గిస్తే తక్కువ. పలుచని గుడ్డకే ఇది తగినది.

టక్కర్ మీద రెండు కొలబద్దలు ఉంటాయి. పరికిణీ దిగువన, చిన్నపిల్లల చొక్కా ఎదురు భాగాన వరుసగా టక్కులు వేయాలంటే ప్రతి మడతకూ కొలిచి గీత గీయాలి. టక్కర్ ఒక టక్కు కుట్టుతూనే పక్క టక్కు ఎక్కడ మడవాలో ఆ చోటును నొక్కి గుర్తు పెడుతుంది. ముందున్న కొలబద్ద టక్కు వెడల్పునకు, రెండవది టక్కుల నడిమి దూరానికి. సింగర్ టక్కర్‌లో మొదటి దాని మీద ఒక్కొక్క అంకెకు అంగుళంలో ఎనిమిదవ వంతు, రెండవ దాని మీద ఒక్కొక్క అంకెకు పావు అంగుళం. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. టక్కు రెండు పొరల మడత కాబట్టి దాని వెడల్పునకు రెట్టింపు గుడ్డ అందులో ఇమిడిపోతుంది. రెండు కొలబద్దలనూ ఒకే అంకె మీద పెడితే టక్కులు ఒకదానినొకటి తాకుతూ, నడుమ ఖాళీ లేకుండా వస్తాయి. గణితం చదివే విద్యార్థికి ఇంత చక్కని అభ్యాసం గృహోపకరణాలలో అరుదుగా దొరుకుతుంది.

తక్కినవాటిని గుర్తించడం తేలిక. ప్రక్కకు వంగిన పొడవాటి కడ్డీ గల పాదం బొంతల మీద సమాంతర గీతలు కుట్టడానికి. ఒకే బొటనవేలి వంటి కొస ఉండి కుడియెడమలకు జరిగేది జిప్పులకు, తాడు పొదిగిన పైపింగుకు. యంత్రపు బల్లకు మరతో బిగించే చిన్న ఇనుప గోడ, కుట్టు అంచుకు సమదూరంలో సాగడానికి; దీనిని మూర్ఖుడు కూడా సరిగా వాడగలడు, నేర్పరులు కూడా విడిచిపెట్టరు. పిడికిలి అంత పెట్టెలా ఉండి, గుడ్డను పైనుండి పట్టుకొని ఇటూ అటూ ఊపేది కాజాల ఉపకరణం. దానిని బిగించే ముందు పళ్ళను ఒక పలకతో కప్పివేయాలి; లేకపోతే పళ్ళు ఒకవైపు, ఉపకరణం మరొకవైపు గుడ్డను లాగుతాయి.

ఈ సాధనాలు చేతిపనికి శత్రువులా అనే ప్రశ్న పాతదే. 1909లో రచించిన హింద్ స్వరాజ్‌లో యంత్రనాగరికతను తీవ్రంగా విమర్శించిన గాంధీజీ, 1924లో ఒక సంభాషణలో కుట్టుయంత్రాన్ని ఆ విమర్శ నుండి మినహాయించారు. భార్య చేత్తో కుట్టుకొనే శ్రమను చూడలేక సింగర్ ఈ యంత్రాన్ని కల్పించాడని ఆయన భావించారు. సింగర్ చరిత్ర అంత కోమలమైనది కాదు. వ్యాపార లాభాలు, పేటెంటు దావాలు అందులో చాలా ఉన్నాయి. అయినా మినహాయింపునకు గల కారణం మాత్రం సరైనదే. హెమ్మర్ మడత వేస్తుంది గాని, గుడ్డను ఎంత అందించాలో వేళ్ళే నిర్ణయించాలి. టక్కర్ గుర్తు పెడుతుంది గాని, ఆ గుర్తు మీద మడిచేది చేయే. చేతిని తొలగించి దాని స్థానంలో నిలిచే యంత్రం వేరు, చేతికి మరొక వేలిని చేర్చే యంత్రం వేరు. ఈ పెట్టెలోని ముక్కలు రెండవ జాతికి చెందినవి.

అమర్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. చక్రం త్రిప్పి సూదిని పూర్తిగా పైకి తేవాలి, పాదాన్ని ఎత్తాలి. పాత పాదం మర విప్పి, కొత్త ముక్కను కడ్డీకి ఆనించి, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా బిగించాలి. చేత్తో మాత్రమే బిగిస్తే యంత్రపు అదురుకు మర వదులై పాదం పక్కకు జరుగుతుంది. సూది దానికి తగిలి విరుగుతుంది. విరిగిన సూది మొన ఎటు ఎగురుతుందో చెప్పలేము. అది కంటికి తగిలే ప్రమాదం ఉన్నది. అందుచేత బిగించిన తరువాత కాలు త్రొక్కుడు మీద పెట్టక, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా రెండు మూడు చుట్లు త్రిప్పి, సూది పాదపు రంధ్రం నడుమ నుండి దేనినీ తాకకుండా దిగుతున్నదో లేదో చూడాలి. పాత పాదాల రంధ్రం చాలా చిన్నది, ఒక్క నేరుకుట్టుకే సరిపోయేది. వాటిని జిగ్‌జాగ్ యంత్రానికి బిగిస్తే, కుట్టు వెడల్పును సున్నా దగ్గర ఉంచి, సూది నడిమి స్థానంలోనే ఉండేటట్లు చూడాలి.

ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్న ముక్కలకు తుప్పు, ఎండిన నూనె పట్టి ఉంటాయి. వాటిని ఇసుక కాగితంతో రుద్దకూడదు. నికెల్ పూత పోతే ఆ చోట గుడ్డ పట్టుకుంటుంది, తుప్పు మళ్ళీ త్వరగా చేరుతుంది. కొంతసేపు కిరోసిన్‌లో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా తోమి, పొడిగుడ్డతో తుడవాలి. హెమ్మర్ చుట్టు లోపల దారపు పోగులు ఇరుక్కొని ఉంటే సూదితో తీయాలి. చుట్టు నొక్కుకుపోయినట్లు కనిపించినా పట్టకారుతో వంచే ప్రయత్నం చేయరాదు. ఆ వంపు వెంట్రుకవాసి మారినా మడత కుదరదు. రఫ్లర్, టక్కర్లలో కదిలే కీళ్ళకు ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. కొబ్బరినూనె, వంటనూనె వేస్తే అవి కొంతకాలానికి జిగురుగా గట్టిపడి, కదిలే భాగాలను బిగించివేస్తాయి. నూనె వేసిన ముక్కతో మొదట పాత గుడ్డ మీద కొన్ని అంగుళాలు కుట్టి, మరక పడడం పూర్తిగా ఆగిన తరువాతనే కొత్త గుడ్డను పాదం క్రింద పెట్టాలి.